పరీక్ష ముగిసిన పిమ్మట – బ్రౌన్ దొర తెలుగు చదువు

మన అధ్యక్ష మండలములో వయసు మళ్లిన ఏ గురువుగారి ఇంటికి వెళ్లినా, బీరువాలో బైబిలు ప్రక్కన మందమైన పుస్తకము ఒకటి కనబడుతుంది. అది బ్రౌన్ నిఘంటువు. ప్రసంగము సిద్ధపరచుకొంటూ ఒక మాట దగ్గర ఆగిపోయి దానిని తెరవని కాపరి అరుదు. ఈనాటి యువకులు అదే నిఘంటువును సెల్‌ఫోనులో చూస్తున్నారు. పుస్తకము బరువు తగ్గింది గాని పని మాత్రము అదే. దాని మొదటి ముద్రణ 1852లో మద్రాసులో, క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘము వారి అచ్చుకూటములో జరిగింది. ముఖపత్రము మీద ఒక్కరి పేరే ఉన్నది: చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ దొరను గూర్చి మన సాహిత్యవేత్తలు చాలా వ్రాశారు. నేను చెప్పదలచినది ఆయన కీర్తిని గూర్చి కాదు. పద్దెనిమిదేండ్ల వయసులో తెలుగు అక్షరము ఎరుగక మద్రాసు రేవులో దిగిన కంపెనీ ఉద్యోగి, ముప్పది అయిదేండ్లలో అటువంటి గ్రంథము తేగలిగినంత చదువు ఎక్కడ చదివాడు, ఎవరి దగ్గర చదివాడు అన్నదే నా ప్రశ్న.

ఆయన పుట్టినది 1798 నవంబరు 10న, కలకత్తాలో. తండ్రి డేవిడ్ బ్రౌన్ అక్కడ చాప్లెయిన్‌గా ఉండి, ఫోర్టు విలియం కళాశాలకు ప్రొవోస్టుగా పనిచేశారు. శ్రీరాంపూరులో హుగ్లీ ఒడ్డున ఆల్డీన్ అనే తోట ఇల్లు వారిది. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డులు నడిపిన అచ్చుకూటము ఆ ఊరిలోనే ఉన్నది. 1806లో వచ్చిన హెన్రీ మార్టిన్ ఆ తోటలోని పాడుపడిన గుడిలోనే బస చేశారు. ఇంట్లో తండ్రి కుమారునికి గ్రీకు, హెబ్రీ, పారశీకము వంటి భాషలు నేర్పించారు. భాష అనేది ఒంటిగా గదిలో కూర్చుండి చేసే పని కాదని, మునిషీలు, పండితులు, అచ్చు కూర్చేవారు ఒక్కచోట కూడి చేసే పని అని ఆ బాలునికి శ్రీరాంపూరు గాలిలోనే తెలిసి ఉండాలని నా ఊహ. 1812 మార్చిలో ఆ అచ్చుకూటము అగ్నికి ఆహుతి అయింది. తయారుచేసిన తెలుగు అక్షరపు అచ్చులు కూడ అందులో కరిగిపోయాయి. ఆ జూను నెలలోనే డేవిడ్ బ్రౌన్ మరణించారు. తల్లి బిడ్డలను తీసుకొని ఇంగ్లండుకు వెళ్లింది. కుర్రవాడు హెయిలీబరీలో కంపెనీ వారి కళాశాలలో చదివి, సివిలు ఉద్యోగిగా 1817 ఆగస్టులో మద్రాసు చేరాడు.

మద్రాసులో కొత్త ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు 1812లోనే సెంట్ జార్జి కోటలో ఒక కళాశాల వెలసింది. అక్కడ బ్రౌన్ దొరకు తెలుగు ఓనమాలు దిద్దించినవారు వెలగపూడి కోదండరామ పంతులు. చేతికి అందిన పుస్తకములు మాత్రము కొద్ది. ఏ. డి. క్యాంప్‌బెల్ వ్యాకరణము 1816లో వచ్చింది, ఆయన నిఘంటువు 1821లో గాని రాలేదు. ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ నిఘంటువుకు మూలాధారము ‘ఆంధ్ర దీపిక’ అనే అకారాది. దానిని కూర్చినవారు మచిలీపట్నము వైశ్యులు మామిడి వెంకయ్యగారు. సర్కారు పాఠశాలకు నిఘంటువు సమకూర్చినది వర్తకుల కులమున పుట్టిన ఒక పండితుడు. తెలుగు అకారాదుల చరిత్రలో ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరములతో వ్రాయవలసినదని నేను తలుస్తాను.

1820లో బ్రౌన్ దొర తెలుగు పరీక్ష ప్యాసయ్యారు. ఆ జూను నెలలోనే సర్ తామస్ మన్రో మద్రాసు గవర్నరు పదవి చేపట్టారు. ఈయన 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా గుఱ్ఱము మీద ఊరూరు తిరిగిన మనిషి. పట్టభద్రుల సభలో ఆయన చేసిన ఉపన్యాసము, ప్రజల భాష తెలియక ప్రజలను పాలించుట ఎట్లు అన్న ధోరణిలో సాగినది, బ్రౌన్ దొర మనస్సులో నాటుకొన్నది. ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీ దొర వద్ద సహాయకుడుగా చేరారు. అక్కడ గాని ఆయనకు అసలు సంగతి తెలియలేదు. మద్రాసులో చదివినది ఒక తెలుగు, కచేరి వాకిట్లో కాపు చెప్పుకొనేది మరొక తెలుగు. కరణము వ్రాసే కైఫీయతు ఇంకొక రకము, అందులో సగము పారశీకపు మాటలు. పరీక్షలో నెగ్గినవాడు పల్లె రైతు ఫిర్యాదు అర్థము చేసికొనలేకపోయాడు.

వేదాంత కళాశాలలో పట్టా పుచ్చుకొని మొదటి పాస్టరేటుకు వెళ్లిన ప్రతి గురువుకు ఈ సంగతి అనుభవమే. కళాశాలలో మాకు హెబ్రీ ధాతువులు నేర్పారు. పొలములో కలుపు తీసే అక్క తన దుఃఖమును ఏ మాటతో చెప్తుందో ఆ మాట ఆమె దగ్గరనే నేర్వాలి. అందుకే బ్రౌన్ దొర కథలో నన్ను పట్టి నిలిపినది ఆ 1820వ సంవత్సరము. అక్కడితో చదువు చాలించినవారు కంపెనీలో ఎంతోమంది. పరీక్ష ప్యాసయితే ఉద్యోగము నిలుస్తుంది, జీతము వస్తుంది, ఇంకేమి కావాలి?

ఆయన మాత్రము ఆగలేదు. 1821లో కడపలో, 1823లో మచిలీపట్నములో పిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టించారు. 1822లో ఉద్యోగము మచిలీపట్నమునకు మారింది. అప్పటికి ఆయన చదివిన తెలుగు అంతా పాఠములకోసము అనువదించిన కథలే. ఈ భాషలో కావ్యములు ఉన్నవని వినడమే గాని చూచినది లేదు. ఇట్లుండగా 1824లో ఫ్రెంచి మతగురువు దుబోయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన పుస్తకములో వేమన అనే కవి ప్రసక్తి ఆయన కంటబడింది. ఒక విదేశీయుని పుస్తకములో చూచి, ఆ కవిని కవి పుట్టిన భాషలో వెదకుటకు బయలుదేరారు. అడిగితే పండితులు పెదవి విరిచారు. వేమన పద్యములు వారి దృష్టికి సాహిత్యము కాదు. కాని పల్లెలో ఆ పద్యము రానివాడు లేడు. తాటాకు ప్రతులు ఒకటొకటిగా వచ్చాయి. ఏ రెండు ప్రతులూ ఒకదానితో ఒకటి కలియలేదు. ఒకదానిలో ఉన్న పద్యము ఇంకొకదానిలో లేదు, ఉన్నా పాదములు వేరు.

ఈ చిక్కే ఆయనకు గురువయింది. పాఠము సరిచూడాలంటే ఛందస్సు తెలియాలి. మచిలీపట్నములో తిప్పాభట్ల వెంకటశివశాస్త్రిగారు, వఠ్యము అద్వైతబ్రహ్మయ్యగారు ఆయనకు ఆ దారి చూపారు. గణములు, యతి, ప్రాస అన్నవి కవులు ముచ్చటకోసము పెట్టుకొన్న సంకెళ్లు అని కొందరు అనుకొంటారు. వ్రాతప్రతులు దిద్దేవానికి అవి త్రాసు వంటివి. తాటాకు మీద గంటముతో గీసిన వ్రాతలో మాటకు మాటకు నడుమ ఎడము ఉండదు. ఒకరు వ్రాసినదానిని ఇంకొకరు, ఆయన వ్రాసినదానిని వేరొకరు నకలు చేసికొంటూ పోతారు. గణము విరిగినచోట, యతి తప్పినచోట వ్రాయసగాని చేయి జారినదని వెంటనే పట్టుకొనవచ్చును. ఈ విద్య అబ్బిన పిమ్మట 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను గూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథము అచ్చువేశారు. 1829లో 693 వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో కూడ ప్రకటించారు. పదేండ్లకు, 1839లో, వచ్చిన రెండవ కూర్పులో పద్యములు 1164 అయ్యాయి. ఆ పదేండ్లలో పెరిగిన పద్యముల వెనుక ఎందరు ప్రతులు తెచ్చియిచ్చారో, ఎందరు నోటికి వచ్చినవి చెప్పారో, ఆ లెక్క ఆ సంఖ్యలలో కనబడదు.

1825లో రాజమహేంద్రవరమునకు, ఆ మరుసటి ఏడు మరల కడపకు బదిలీ అయింది. ఈసారి కడపలో ఒక విశాలమైన బంగళా కొన్నారు. తోటతో కలిపి పదిహేను ఎకరములు. ఆ ఆవరణలోనే పండితులకు, వ్రాయసగాండ్రకు చోటు చూపి, తన జీతములోనుండి వారికి నెల జీతములు ఇచ్చారు. దానినే జనులు బ్రౌన్ కళాశాల అన్నారు. పేరుకు కళాశాలే గాని అక్కడ తరగతులు లేవు, పరీక్షలు అంతకన్నా లేవు. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు పని నడిపించేవారు. జూలూరి అప్పయ్యగారి వంటి పండితులు ప్రతులు సరిచూచేవారు. పని తీరు ఇది. ఒక కావ్యము ఎత్తుకొంటే ముందుగా దాని ప్రతులు సాధ్యమైనన్ని చేర్చడము. సంస్థానములు, అగ్రహారములు, మఠములు, కరణముల ఇండ్లు, ఎక్కడ ఉన్నదని తెలిస్తే అక్కడికి మనిషిని పంపేవారు. అమ్మేవారి దగ్గర కొన్నారు. అమ్మనివారి దగ్గర నకలు తీయించారు. తరువాత ఒక ప్రతిని కాగితము మీద ఎత్తివ్రాయించి, మిగిలిన ప్రతులలోని పాఠభేదములు అంచులలో చేర్చడము. ఆపై ఏ పాఠము సరియైనదో పండితులతో చర్చించి నిర్ణయించడము, కఠిన పదములకు అర్థము వ్రాయించడము, పద్యములకు సూచిక కట్టడము. గ్రీకు, లాటిను గ్రంథములకు యూరపు పండితులు చేసే చాకిరినే ఆయన పోతన, పెద్దన, సూరనల కావ్యములకు చేయించారు. పద్ధతి తాను తెచ్చినది. ఆ పద్ధతి నడచుటకు కావలసిన జ్ఞానమంతా ఎదుట చాప మీద కూర్చున్నవారిది.

దొరకు తెలుగు నేర్పినది పండితులు మాత్రమే అనుకొంటే అది సగము సత్యమే. కచేరిలో వాంగ్మూలము ఇచ్చే సాక్షులు, సంతలో బేరమాడేవారు, ఇంటి పనివారు, వీరి నోటి మాటలు కూడ ఆయన వ్రాసికొన్నారు. పండితుడు ‘ఇది గ్రామ్యము, వదలండి’ అని చెప్పిన మాటను ఆయన వదలలేదు. నిఘంటువు తెరచి చూడండి. కావ్యము నుండి తీసిన ఉదాహరణ ప్రక్కనే వీధిలో వినబడే వాక్యము ఉంటుంది. ఇద్దరు గురువులను ఒకే పుటలో కూర్చోబెట్టారు.

ఈ పండితులు దొరకు వ్రాసిన జాబులు చాలవరకు నిలిచియున్నవి. ఆయన వచ్చిన ఉత్తరములను పారవేయక కట్టలుగా కట్టించి దాచారు. మద్రాసులో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో పడియున్న ఆ లేఖలను 1970లలో బంగోరె అనే కలము పేరు గల బండి గోపాలరెడ్డిగారు వెలికితీసి తెలుగువారి ముందు పెట్టారు. పత్రికా రచయిత, డాక్టరేటు లేని పరిశోధకుడు. ఆయన కృషి వలననే దొర చుట్టూ అల్లుకొన్న ఆ మనుష్యులు మనకు పేర్లతో, గొంతులతో ప్రత్యక్షమయ్యారు. అంతకు ముందు బ్రౌన్ కథ అంటే ఒక తెల్లదొర తెలుగును ఉద్ధరించిన కథ, అంతే.

ఈ పని అంతటికీ ఖర్చు దొరదే. కంపెనీ జీతము పెద్దదే గాని పండితుల జీతములు, ప్రతుల ధర, కాగితము, అచ్చు కలిసి దానిని మింగివేశాయి. అప్పులు పెరిగాయి. ఇందులో నాకు రెండు వైపులూ కనబడుతున్నవి. తన విద్యాసక్తికోసము అప్పు చేసినవానిని మెచ్చుకొనవచ్చును. అయితే ఒక్క ఉద్యోగి జీతము మీద ఆధారపడి నడిచే విద్యాలయము ఆ ఉద్యోగి బదిలీతో ఊగిపోతుంది. పై అధికారులతో ఆయనకు పొసగలేదు. మచిలీపట్నము, తిరుచిరాపల్లి అంటూ బదిలీలు అయ్యాయి. 1832–33లో నందన కరువు, డొక్కల కరువని గుంటూరు సీమ ఇప్పటికీ చెప్పుకొనే కరువు వచ్చినప్పుడు ఆయన గుంటూరులో ఉద్యోగము చేస్తున్నారు. 1834లో ఆ ఉద్యోగము కూడ పోయింది. మరుసటి సంవత్సరము ఇంగ్లండుకు ఓడ ఎక్కారు.

ఉద్యోగము లేదు, అప్పు ఉన్నది, వయసు ముప్పదియారు. ఇటువంటి స్థితిలో మనిషి ముందు తన బ్రతుకు తెరువు చూచుకొంటాడు. బ్రౌన్ దొర లండనులో ఇండియా హౌసు గ్రంథాలయములో ఎవరూ ముట్టని దక్షిణదేశపు వ్రాతప్రతులు చూచారు. లెక్క 2106. అక్కడ వాటిని చదవగలవారు లేరు, చదవగలవారికి అవి అందవు. వాటిని మద్రాసు లిటరరీ సొసైటీకి పంపించే ఏర్పాటు చేయించే వరకు ఆయన పట్టు విడువలేదు. ఇది కేవలము ప్రేమతో అయ్యే పని కాదు. ఏ సభలో ఎవరితో మాట్లాడాలో, ఏ అధికారికి ఎట్లు విన్నవించాలో తెలియాలి. కడపలో పండితులను కూర్చిన నేర్పునే ఆయన లండనులో ఇంకొక విధముగా వాడుకొన్నారు. మన కళింగ, కృష్ణా, రాయలసీమ తీరులలో తిరిగిన ఎన్నో గ్రంథములు ఆ ఓడలోనే ఇల్లు చేరుకొన్నవి.

1830ల చివర మద్రాసుకు తిరిగి వచ్చి ప్రభుత్వ పారశీక అనువాదకుడుగా కుదురుకొన్నారు. తరువాత తెలుగు అనువాదకుడయ్యారు. కొంతకాలము పోస్టుమాస్టరు జనరల్ పని కూడ చేశారు. ఇక ఊరు మారే పని లేకపోవుటచేత అచ్చు పనులు సాగాయి. 1840లో వ్యాకరణము. 1840ల నడుమ తాను చేర్చిన వ్రాతప్రతులన్నిటినీ లిటరరీ సొసైటీకి ఇచ్చివేశారు. 1851లో అప్పయ్యగారి వ్యాఖ్యతో మనుచరిత్రము. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, దాని వెంట ఇంగ్లీషు–తెలుగు. 1854లో మిశ్రభాషా నిఘంటువు అనే మరొక చిన్న నిఘంటువు. ఈ మూడవది చాలామంది మరచిపోయినది గాని నాకు ప్రీతిపాత్రమైనది అదే. దరఖాస్తు, జామీను, జప్తు, వకాల్తా వంటి పరభాషా పదములు కచేరి తెలుగులో ఎట్లు వాడబడుతున్నవో విప్పిచెప్పే గ్రంథము. 1820లో కడప కచేరిలో తనను తికమక పెట్టిన కాగితములకు, ముప్పది నాలుగేండ్ల తరువాత ఆయన ఇచ్చిన జవాబు అది. తన తరువాత ఆ కుర్చీలో కూర్చునే కుర్రవానికి ఆ అవస్థ తప్పాలని.

అచ్చులోనూ ఆయన చెవి పనిచేసింది. చిలుక అన్నప్పటి చకారము, చాప అన్నప్పటి చకారము నాలుక మీద వేరువేరు. వ్రాతలో రెండూ ఒక్కటే. ఆ రెండవ ధ్వనికి ఆయన నిఘంటువులో ౘ అని, అటువంటి జకారమునకు ౙ అని గుర్తులు పెట్టారు. తెలుగు పిల్లవానికి పుట్టుకతో తెలిసిన భేదము, పైనుండి వచ్చి వినినవానికి గాని గుర్తు పెట్టాలని తోచలేదు. నేర్చుకొనేవాని కష్టము నేర్చుకొన్నవానికే తెలుసు.

మన సంఘములకు ఈ చరిత్రతో ఉన్న సంబంధమును ఒక్క మాటలో దాటవేయలేము. తెలుగు బైబిలు కథ కూడ ఇట్టి చాప మీదనే మొదలయింది. 1805లో విశాఖపట్నములో దిగిన లండను మిషనరీలు క్రాన్, డెగ్రాంజి. క్రాన్ 1809లోనూ, డెగ్రాంజి 1810లోనూ మరణించారు. ఇంత కొద్ది కాలములో డెగ్రాంజి సువార్తలను తెనిగించగలిగారంటే దానికి కారణము ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని తోడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తరువాత కాలములో బైబిలు అనువాదముల సవరణకు బ్రౌన్ దొర కూడ చెయ్యి కలిపారు. మిషనరీల తొలి తెలుగు ఆయన చెవికి కొరకొరగా ఉండేది. గ్రాంథికము మరీ ఎక్కువయినా, వాడుక మరీ పలుచనయినా ఆయన ఒప్పుకొనేవారు కాదు. ఈ తగవు మన సవరణ సంఘములలో ఇంకా తీరలేదని సభ్యులు ఎరుగుదురు.

ఇంతగా చెప్పిన తరువాత ఒక విషయములో నేను దొరతో ఏకీభవించనని కూడ చెప్పాలి. వృద్ధాప్యములో ఆయన తన సాహిత్య జీవితమును గూర్చి వ్రాసికొన్నారు. తాను పని మొదలుపెట్టిన నాటికి తెలుగు సాహిత్యము చచ్చిపోయిన స్థితిలో ఉన్నదనియు, ముప్పదేండ్లలో తాను దానిని లేపి నిలబెట్టితిననియు అందలి భావము. మన రచయితలు ఆ మాటను దశాబ్దములుగా మెచ్చుకొంటూ చెప్తున్నారు. కాని చచ్చిన సాహిత్యములో అప్పయ్యగారు ఎక్కడినుండి వచ్చారు? యతి తప్పినచోట వేలు పెట్టి చూపగల శాస్త్రులవారికి ఆ విద్య ఎవరు నేర్పారు? ప్రతులు చిలుకుపట్టి శిథిలమవుతున్న మాట నిజము, అచ్చు లేని మాట నిజము, ఆదరించే ప్రభువులు పోయిన మాట నిజము. చదువు మాత్రము ఇండ్లలో, అరుగుల మీద బ్రతికే ఉన్నది. అది బ్రతికి ఉండబట్టే దొర దానిని నేర్చుకోగలిగారు. పండితుల సంస్కృతాభిమానమును ఆయన చాలాసార్లు ఎగతాళి చేశారు. అది కొంత న్యాయమే. అయినా అదే పండితులు లేకపోతే ఆయన పెద్దనను ఒక్క ఆశ్వాసము కూడ దాటియుండేవారు కారు. ఉపకారము పొందినవాడు ఉపకారిని చిన్నచూపు చూచే దోషము పెద్దలకు కూడ తప్పదేమో.

అయితే ఆ జాబులను దాచినవాడు కూడ ఆయనే గదా. తానొక్కడే చేశానని చెప్పుకొనదలచినవాడు ముందు కాల్చవలసినవి అవే. ఆయన వాటిని సంపుటములుగా కట్టించారు. అందుచేత ఆయన మాటకు, ఆయన దాచిన కాగితములకు వైరుధ్యము వచ్చినప్పుడు నేను కాగితములనే నమ్ముతాను.

1850ల నడుమ ఉద్యోగము చాలించి ఇంగ్లండు వెళ్లి, లండను విశ్వవిద్యాలయములో కొంతకాలము తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12న లండనులో మరణించారు. నిఘంటువు మాత్రము అక్కడితో ఆగలేదు. 1903లో దానిని సవరించి పెంచిన కూర్పు వెలువడింది. సవరించినవారు ముగ్గురు. ఒకరు యం. వెంకటరత్నముగారు, ఒకరు కడప సీమలో పనిచేసిన లండను మిషనరీ డబ్ల్యు. హెచ్. క్యాంప్‌బెల్ దొర, ఇంకొకరు రావుబహదూరు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఒక మిషనరీ, ఒక బ్రహ్మసమాజ సంస్కర్త ఒకే అకారాది మీద వంగి పనిచేసిన ఆ దృశ్యమును ఊహించుకొంటే నాకు సంతోషముగా ఉంటుంది. మన బీరువాలలో ఉన్న ప్రతులు చాలవరకు ఈ కూర్పు నుండి వచ్చినవే.

కడపలో దొర బంగళా ఉండిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వలన ఆయన పేర ఒక గ్రంథాలయము వెలసింది. అది ఇప్పుడు యోగివేమన విశ్వవిద్యాలయములో భాగము. యువజన సభలకు కడప వెళ్లే మన పిల్లలు ఒక పూట అక్కడ గడపవచ్చును. దొర చేయించిన కాగితపు ప్రతులలో ఎక్కువ భాగము మద్రాసు భాండాగారములో భద్రముగా ఉన్నవి. వాటిలో నడుమ పద్యము ఒకరి దస్తూరీ, అంచున పాఠభేదము ఇంకొకరి దస్తూరీ. అక్కడక్కడ దొర స్వహస్తముతో ఇంగ్లీషులో వ్రాసికొన్న గుర్తులున్నవి. పండితుల అక్షరములు గుండ్రముగా, నిదానముగా ఉంటాయి. చాలాచోట్ల వ్రాసినవారి పేరు లేదు.